కుడి చక్రానికి బొట్టు

చింతలేరు పంచాయతీ కాస్తా మున్సిపాలిటీ అయింది గాని, ఆ సంగతి ఊళ్లో గేదెలకింకా తెలియలేదు. అవి మామూలుగానే నడిరోడ్డు మీద పడుకుని నెమరేసుకుంటున్నాయి. తెలిసిందల్లా ఆఫీసుకి. గోడమీద బోర్డు మారింది, కుర్చీలకి తెల్ల తువ్వాళ్లొచ్చాయి, సెక్రటరీ పోయి కమిషనరొచ్చారు. కమిషనరు వెనకాలే అట్టపెట్టెలో ఒక రేడియం కటింగ్ మిషనొచ్చింది.

రేడియమంటే లైటు పడితే మెరిసే స్టిక్కరు. బస్టాండు దగ్గర షాపుల్లో బళ్లకి నంబర్లూ, ఆటోల వెనక దేవుళ్ల పేర్లూ కోసిచ్చేది ఇలాంటి మిషన్ల మీదే. మున్సిపాలిటీకి ఇదెందుకయ్యా అంటే, ఇంటింటికీ కుళాయి పథకం కింద పైనుంచి ఒక రూలొచ్చింది. తలుపు మీద మెరిసే నంబరున్న ఇంటికే కుళాయి. నంబరు లేనింటికి లేదు. నీళ్లు రాత్రిపూట గొట్టంలో బయల్దేరి వస్తాయి కాబట్టి దారి తప్పకుండా ఇంటి నంబరు చదువుకుంటూ రావాలని ఆ రూలు రాసిన పెద్దమనిషి ఉద్దేశం కాబోలు.

మిషన్ని జూనియర్ అసిస్టెంటు యల్లమంద చేతిలో పెట్టారు. అతని దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. అక్షరాలు బాగా రాసేవాడు అక్షరాలు కోసే మిషన్ని కూడా బాగా నడుపుతాడని కమిషనర్ విద్యాధరరావు గారి నమ్మకం. యల్లమంద కాదనలేదు. కాదనకపోవడం వల్లే అతనికి ఆ ఉద్యోగం ఇన్నేళ్లు నిలబడింది. పైగా ఈసారి అతనికి సొంత పని కూడా ఉంది.

అతని భార్య కోటమ్మ తెల్లారగట్ల హైవే దాటి రైసుమిల్లు బోరు దగ్గరికి పోయి నీళ్లు మోస్తుంది. లారీలు ఆగవు, మిల్లు వాచ్‌మన్‌కి మనసైతే గేటు తీస్తాడు, లేకపోతే లేదు. చంకన బిందె, తలమీద బిందెతో తిరిగొచ్చి, మంచం మీద కాఫీ కోసం చూస్తున్న మొగుడికేసి చూసి రోజూ ఒకటే మాటంటుంది: "ఊరందరికీ నీళ్లిచ్చే ఆఫీసంట. మా ఆయన అందులోనే అంట." ఆ 'అంట' యల్లమందకి ఆఫీసు దాకా వినిపిస్తూనే ఉంటుంది. మొదటి స్టిక్కరు మనింటిదే కోస్తాను, మొదటి కుళాయి మన వాకిట్లోనే పడుద్దని అతను మాటిచ్చాడు.

మిషను ప్రారంభోత్సవం పెట్టారు. చింతలేరు చైర్‌పర్సన్ పదవి ఆడవాళ్లకి కేటాయించారు కాబట్టి చైర్‌పర్సన్ రాజరత్నమ్మ గారు. కాని ఆమె ఆఫీసు గుమ్మం తొక్కిన దాఖలా లేదు. ఆమె పేరుమీద రిబ్బన్లు కత్తిరించేదీ, దండలేయించుకునేదీ, కాఫీ తాగేదీ ఆమె భర్త చెంచురామయ్య. మినిట్సు పుస్తకంలో మాత్రం ప్రతిసారీ 'గౌరవ చైర్‌పర్సన్ గారి స్వహస్తములతో' అని రాస్తారు. ఆ స్వహస్తాలకి మీసాలున్న సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ అభ్యంతరం లేదు.

చూడ్డానికి ఆ మిషను కాళ్లున్న హార్మోనియంలా ఉంది. వెనక స్టిక్కరు చుట్ట, లోపల ఒక ఇనప కడ్డీ, దానిమీద ఎడమొకటీ కుడొకటీ రెండు చిన్న రబ్బరు చక్రాలు. ఆ రెండూ షీటుని రెండంచుల దగ్గర నొక్కి పట్టుకుంటే కింద కడ్డీ తిరిగి ముందుకీ వెనక్కీ నడుపుతుంది, మధ్యలో సూదంత కత్తి అంకెలు కోస్తుంది. చెంచురామయ్య కొబ్బరికాయ కొట్టి, కాళ్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కుంకుమ భరిణె తీశాడు. నున్నటి ప్లాస్టిక్ మీద కుంకుమ నిలవలేదు. ఫొటోగ్రాఫరేమో బొట్టు కనబడాలంటాడు. పాతకాలం ఆడవాళ్లు నుదుట ముందు మైనం రాసి దానిమీద కుంకుమ అద్దేవాళ్లు కదా, చెంచురామయ్య ఇంట్లోంచి ఆ మైనం డబ్బీ తెప్పించాడు. మిషనంతా వెతికితే అతనికి నుదురులా కనిపించింది కుడివైపు రబ్బరు చక్రమొక్కటే. రేగ్గింజంత మైనం ముద్ద దానిమీద నొక్కి, పైన కుంకుమ దట్టంగా అద్దాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

మర్నాడు యల్లమంద తలుపేసుకుని తన ఇంటి నంబరు కొట్టాడు: 14-137. మిషను కుయ్యిమంటూ మొదలైంది. ఎడమ చక్రం షీటుని ఒద్దికగా నడిపిస్తోంది. కుడి చక్రం మాత్రం మైనం ముద్ద కిందికొచ్చినప్పుడల్లా ఎగిరి, పట్టు వదిలి, మళ్లీ పట్టుకుంటోంది. షీటు కుడికి, కుడికి, ఇంకా కుడికి ఒరిగింది. ఒకటి తెగింది, నాలుగు తెగింది, ఒకటి, మూడు. చివరి ఏడు దగ్గరికొచ్చేసరికి అంచు చక్రం కిందనుంచి జారిపోయి షీటు ఉండలా ముడుచుకుపోయింది. కత్తి ఆ ఉండని దున్నింది. చేతికి వచ్చింది 14-13.

కమిషనర్ గారూ మిగతావాళ్లూ వచ్చి, మిషనుతో పాటు వచ్చిన పుస్తకం తెరిచారు. షీటు ఒక పక్కకి పోతుంటే చక్రాలు గుడ్డతో శుభ్రం చేయవలెనని రాసుంది. పక్కనే బొమ్మ: ఒక చెయ్యి, ఒక గుడ్డ, ఒక చక్రం. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ. అర్థం కానివాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. గొడవంతా అందువల్లే వచ్చింది.

యల్లమంద తడిగుడ్డ అందుకున్నాడు. కమిషనర్ గారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"మీరు దేనిని తుడవబోతున్నారు?"

"మైనమండి."

"మైనం పైన?"

"కుంకుమండి."

"అది ఎవరి స్వహస్తములతో అలంకరింపబడినది?"

ఆ మినిట్సు రాసింది యల్లమందే. గుడ్డ కిందికి దించాడు.

"ఒక సుమంగళి, అందునా పట్టణ ప్రథమ పౌరురాలు దిద్దిన తిలకం," అన్నారు కమిషనర్ గారు, ఎదర పెద్ద సభ ఉన్నట్టు. "దానిని చెరిపివేసిన యెడల, తత్ పర్యవసానం ఎవరిపై సంభవించును?"

అందరి చూపులూ మూలకి తిరిగాయి. అక్కడ చెంచురామయ్య కాఫీ తాగుతున్నాడు. గ్లాసు ఆగిపోయింది. బొట్టు పెట్టింది తనేనని అతనికి తెలుసు. కాని రికార్డులో పెట్టింది అతని పెళ్లాం. పెళ్లాం పెట్టిన బొట్టు తుడిస్తే మొగుడికేమవుద్దో అతనికి వాళ్లమ్మ చిన్నప్పుడే చెప్పింది.

"ఏరా యల్లమందా," అన్నాడు నీరసంగా, "నేను నీకేం అపకారం చేశాన్రా?"

ఆరోజునించీ ఆ చక్రాన్ని ముట్టుకోకుండా షీటుని తిన్నగా నడిపించడమెలా అన్నదే ఆఫీసు పనైంది.

ఇంజనీరు గారు మిషను చుట్టూ ప్రదక్షిణం చేసి, కుడికి పోయేదాన్ని ఎడమకి మళ్లించడమే కదా అన్నారు. కుడికాళ్ల కింద ఇటుకలు పెట్టించారు. స్టిక్కరు చుట్ట దొర్లుకుంటూ పోయి వరండాలో గేదె కాళ్ల దగ్గర ఆగింది. షీటు మాత్రం గట్టెక్కి మరీ కుడికే పోయింది. తర్వాత గుడి పంతులు గారిని అభిప్రాయం అడిగారు. తుడిస్తే దోషంగాని దానంతటది ఎండి రాలితే దోషం లేదన్నారాయన. వెంటనే ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టారు. ఆ గాలికి కోసిన స్టిక్కరొకటి లేచి ఇంజనీరు గారి వీపుకి అంటుకుంది. ఆయన సాయంత్రం దాకా 14-13గానే తిరిగారు. మైనం ఎండదు గదా, బొట్టు మాత్రం నిన్న పెట్టినట్టే నిగనిగలాడింది.

ఇంతలో జిల్లా నుంచి తనిఖీ కబురొచ్చింది. స్టిక్కర్లు సిద్ధంగా లేకపోతే బాధ్యుడెవరని పైవాళ్లు అడుగుతారని, ఆ పేరు తయారుగా పెట్టుకోవడం పరిపాలనా ధర్మమని కమిషనర్ గారు యల్లమంద వైపు చూస్తూ అన్నారు. యల్లమంద ఆ భయంలో నోటికేమొస్తే అదన్నాడు.

"చివరి అంకె లేకపోయినా ఇల్లు తెలుసుద్దండి. ఆడదాకా పోయి ఎవర్నడిగినా చూపిస్తారు."

కమిషనర్ గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్లలో వెలుగుంది. "యల్లమంద గారూ, ఇంతకాలం మీలో ఒక పరిపాలనాదక్షుడు నిద్రించుచుండెను," అన్నారు.

అతన్నే నోటు రాయమన్నారు. ముత్యాల్లాంటి దస్తూరీతో రాశాడు: అంత్య అంకె నిరుపయోగమనియు, ప్రజలను పరస్పరం విడదీయుచున్నదనియు, దానిని విసర్జించుట జాతీయ సమైక్యతకు దోహదమనియు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. 14-130 నుంచి 14-139 దాకా ఉన్న ఇళ్లన్నీ 14-13 అయిపోయాయి. ఊరంతా అలాగే. తనిఖీకొచ్చినాయన స్టిక్కర్లు మెరవడం చూసి, ఇంత తొందరగా ఇన్ని ఇళ్లా అని మెచ్చుకుని భోంచేసి వెళ్లాడు.

అంతటితో ఆగితే అది ఆఫీసెందుకవుతుంది. ఒక నంబరంటే ఒక ఇల్లు, ఒక ఇంటికి ఒక కుళాయి అని పథకంలో ఉంది. కాబట్టి పది కొంపలకి కలిపి ఒక కుళాయి మంజూరైంది. 14-13కి వచ్చిన కుళాయిని, ఆ వరసలో వయసుకి పెద్దదని సామ్రాజ్యమ్మ వాకిట్లో వేశారు. సామ్రాజ్యమ్మది యల్లమంద పక్కిల్లు. మునగచెట్టు కొమ్మ గోడ దాటిందని కోటమ్మకీ ఆమెకీ మాటల్లేవు. కుళాయి పడ్డ రోజున ఆమే గోడమీదనుంచి మాట కలిపింది.

"మనదంతా ఒకే ఇల్లంట గదా కోటమ్మా. మరి వంట గూడా నువ్వే చేసి పంపు."

కోటమ్మ బిందె తీసుకుని హైవే వైపు నడిచింది. తిరిగొచ్చాక నీళ్ల బిందెని యల్లమంద ఎదురుగా ధడాల్న దించింది.

"చివరి అంకె అక్కర్లేదని రాసిందెవరయ్యా?"

యల్లమంద పేపర్లో తలదూర్చాడు.

"నీ మొహం దాచుకోమాక. మీ ఆఫీసోళ్లు పొగుడుతున్నారంట గదా, మన వాడంతటికీ తెలుసు. నీ పెళ్లాం లారీ కింద పడితే అప్పుడూ రాయి, అంత్య పెళ్లాం అక్కర్లేదని."

మెల్లగా ఊరు ఆ కొత్త లెక్కకి అలవాటు పడింది. పోస్టుమాన్ ఉత్తరాలన్నీ మొదటింట్లో పడేసి పోతున్నాడు. మేదరవీధిలో ఒకాయన ఇంట్లో ఇత్తడి గంగాళం పోయింది. దొంగ కూడా దొరికాడు, నాలుగిళ్ల అవతలివాడే. కాని స్టేషన్లో కేసు కట్టలేదు. ఇద్దరి తలుపుల మీదా ఒకే నంబరుంది, ఒకే ఇంట్లో గంగాళం వంటింట్లోంచి పెరట్లోకి పోతే అది దొంగతనమెట్లా అవుద్ది, ఇంటి పెద్దల్లో తేల్చుకోండన్నారు. అదే వీధి అబ్బాయీ అమ్మాయీ పెళ్లి రాయించుకోబోతే రిజిస్ట్రారు ఇద్దరి చిరునామాలూ చూసి కళ్లజోడు తీసి, "ఒకే ఇంట్లో పుట్టి ఇదేం బుద్ధమ్మా," అన్నాడు. పన్నుల వసూళ్లు పదోవంతుకి పడిపోయాయి. దాన్ని కమిషనర్ గారు పేదరిక నిర్మూలన కింద చూపించారు, ఇళ్లు లేనివాళ్ల సంగతి అటుంచి ఇళ్లున్నవాళ్లే తగ్గిపోయారని.

యల్లమందకి ఇంట్లో స్నానానికి నీళ్లు బందయ్యాయి. మోసుకొచ్చిన నీళ్లు మోసినవాళ్లకే అంది కోటమ్మ. అతను ఆఫీసు బాత్రూములో ముఖం కడుక్కుంటూ, మిషను గదిలోకి తొంగి చూస్తూ, ఆ కుంకుమ బొట్టుని చూసి పళ్లు నూరుకుంటూ రోజులు గడిపాడు. గోరు పెట్టి గీకితే అరనిమిషం పని. ఒకసారి గోరు దగ్గరిదాకా తీసుకెళ్లాడు. చెంచురామయ్య ముఖం గుర్తొచ్చింది, ఆ వెనకే తన పేరు రాసి తయారుగా ఉంచిన మెమో గుర్తొచ్చింది. గోరు వెనక్కి వచ్చింది.

ఒక శుక్రవారం పొద్దున కోటమ్మ గడప కడిగి పసుపు రాస్తోంది. అరుగు మీద కూర్చుని యల్లమంద ఊరికే చూస్తున్నాడు. కుడి కొసన బొట్లు పెట్టింది. జరిగి, ఎడమ కొసన అన్నే పెట్టింది.

"అక్కడొక్కచోట పెడితే చాలదా?"

"ఒకపక్కే పెడితే గడప గుడ్డిదానిలా ఉండదా. ఏం మనిషివయ్యా," అంది ఆమె తల తిప్పకుండా.

యల్లమంద చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ ఆఫీసుకి పరుగెత్తాడు.

చెరపడానికి వీల్లేదు సరే, పెట్టకూడదని ఎక్కడుందండి అన్నాడు కమిషనర్ గారితో. ఎడమ చక్రానికి కూడా అంతే ముద్ద, అంతే బొట్టు పెడితే, జారేదేదో రెండువైపులా సమానంగా జారుద్ది, షీటు తిన్నగా పోద్ది. కమిషనర్ గారు పాత ఉత్తర్వులన్నీ తిరగేయించారు. మిషన్ల బొట్లు చెరపరాదన్న ఉత్తర్వూ లేదు, అదనంగా పెట్టరాదన్న ఉత్తర్వూ లేదు. ఏదీ లేదు కాబట్టి 'సమతుల్య తిలకధారణ' అన్న శీర్షికతో ఫైలు నడిచింది. చెంచురామయ్య సంబరపడిపోయాడు. ఒక బొట్టే తన ఆయుష్షుని ఇంత గట్టిగా పట్టుకుంది, రెండోది పడితే ఇంకేముంది. మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ మైనం, మళ్లీ స్వహస్తాలు.

యల్లమంద మళ్లీ 14-137 కొట్టాడు. రెండు చక్రాలూ ఒకేసారి ఎగిరాయి, ఒకేసారి జారాయి. షీటు కుంటుకుంటూనే అయినా తిన్నగా పోయింది. అంకెలు కొంచెం కురచగా, గొంతుక్కూర్చున్నట్టు వచ్చాయి. అయితేనేం, ఏడు ఉంది. యల్లమంద ఆ ఏడుని చూపుడువేలితో నిమిరాడు.

అంత్య అంకె ప్రజల్ని ఒక్కటి చేస్తుందని కొత్త నోటు రాయడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. పూర్తి నంబరు తిరిగొచ్చిన మొదటిల్లు కాబట్టి మొదటి కొత్త కుళాయి అతని వాకిట్లోనే వేశారు. ప్రారంభోత్సవానికి కమిషనర్ గారు, ఇంజనీరు గారు, ఫొటోగ్రాఫరు, వీధిలో జనం అంతా వచ్చారు. సామ్రాజ్యమ్మ గోడమీదనుంచి చూస్తోంది. కోటమ్మ బిందె తోమి పెట్టుకుని పక్కన నిలబడింది.

చెంచురామయ్య కుళాయిని అటూ ఇటూ చూశాడు. నీళ్లొచ్చేది ఇక్కణ్నుంచే గదా అనుకుని కుళాయి మూతి చుట్టూ మైనం మెత్తి, నిండుగా కుంకుమ అద్దాడు. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు. ఇంజనీరు గారు కుళాయి తిప్పబోయారు.

"ఆగండి," అన్నారు కమిషనర్ గారు.

ఇంజనీరు చెయ్యి గాల్లో ఆగింది. అందరికీ ఒక్కసారే అర్థమైంది. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. నీళ్లొస్తే బొట్టు పోతుంది. చెంచురామయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు.

కమిషనర్ గారు గొంతు సవరించుకుని, కుళాయి విజయవంతంగా ప్రారంభింపబడినదని, నీటి విడుదల మాత్రం తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనదని ప్రకటించారు. యల్లమంద జేబులోంచి కలం తీశాడు. అలవాటు.

కోటమ్మ ఆ కలాన్ని చూసింది. మొగుణ్ని చూసింది. బిందె తెచ్చి కుళాయి కింద పెట్టింది.

"వద్దే," అన్నాడు యల్లమంద లోగొంతుతో.

"నువ్వు ఆ ఆఫీసులో పనిచేస్తావయ్యా. నేను చెయ్యను," అంది ఆమె, తిప్పింది.

కుళాయి ఒకసారి దగ్గింది. మైనం ముద్ద ఠప్పున ఊడి బిందెలో పడింది. ఎర్రటి నీళ్లొచ్చాయి, తర్వాత లేతెరుపు, తర్వాత మామూలు నీళ్లు. కోటమ్మ మొదటి బిందె మొక్కలకి పోసి రెండోది పెట్టింది. జనం ఆ నీళ్లవైపు చూడ్డం లేదు. అందరూ చెంచురామయ్యనే చూస్తున్నారు. చెంచురామయ్య కూడా తనని తాను చూసుకుంటున్నాడు. మెడ తడుముకున్నాడు, నాడి పట్టుకున్నాడు. కనీసం దగ్గు కూడా రాలేదు.

అతనికేమీ కాలేదు. అదే పెద్ద ఇబ్బందయిపోయింది.

అతనికేమన్నా అవుతుందనే కదా ఇటుకలు పెట్టింది, ఫ్యాను కొన్నది, పది ఇళ్లని ఒక ఇల్లు చేసింది, గంగాళం దొంగని వదిలేసింది. ఇప్పుడతను గుండ్రాయిలా ఉంటే ఆ ఫైళ్లన్నిటికీ ఆధారమేది? కమిషనర్ గారు అతన్ని పక్కకి తీసుకెళ్లి బతిమాలారు. ప్రాణాపాయం కోరడం లేదని, ఆఫీసు పరువు కోసం రెండ్రోజులు జ్వరంతో ఉంటే చాలునని. చెంచురామయ్య ప్రజాసేవకుడు, ఒప్పుకున్నాడు. సాయంత్రానికల్లా దుప్పటి కప్పుకుని మంచమెక్కాడు.

పరామర్శకి యల్లమందని పంపారు. కోటమ్మ అతని చేతికి నిండు చెంబొకటి ఇచ్చింది, మా కుళాయి నీళ్లు, కాచి తాగమనమని.

పెరట్లో ఒకావిడ కుడితి కలుపుతోంది. ఆవిడే చైర్‌పర్సన్ రాజరత్నమ్మ గారని యల్లమంద ఆఫీసు గోడమీది ఫొటో గుర్తు తెచ్చుకుంటే గాని పోల్చుకోలేకపోయాడు.

"నువ్వేనా ఆఫీసోడివి? రా," అంది. "నేను పెట్టిన బొట్టు పోయిందని ఈయనకి జొరమొచ్చిందంట. నేనెప్పుడు పెట్టానయ్యా? దేనికి పెట్టాను?"

"రికార్డులో ఉందండమ్మా," అన్నాడు యల్లమంద.

ఆమె అతని చేతిలో చెంబు అందుకుని, నీళ్లు కుడితి తొట్లో వంచి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"అట్టయితే జొరం గూడా రికార్డులోనే ఉండనియ్యి. పోయి లేవమను, గేదెకి గడ్డెయ్యాల."

లోపల మంచం కిర్రుమంది.